మెరక చేలలో పిట్టల వేట
(మన సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



నన్ను మాటలాడుమని కార్యవర్గమువారు కోరినప్పుడు వేరుసెనగ ధరలను గూర్చియో, మన పిల్లల తెలుగు చదువును గూర్చియో చెప్పుదునని పలువురు తలచియుందురు. నేను పిట్టల వేటను గూర్చి చెప్పదలచితిని. మన యువజన శాఖవారు కొందరు, తాతల కాలమున బళ్ళారి సీమ పల్లెలలో సాగిన ఉగాది వేటను మరల సాగింపవలెననియు, అందుకు వర్తకులు చందా ఇయ్యవలెననియు అడుగుచున్నారు. అడుగుటలో తప్పు లేదు. అది మన ఆచారమని వారి వాదము. ఆచారమన్న మాట వచ్చినప్పుడు, ఆ ఆచారమేమో ముందు తెలిసికొనవలెను గదా. ఇంతకు వేటాడిన పిట్టలేవి? వాని పేర్లు మన యింట నెందరికి తెలియును?

మొదట పేర్ల సంగతి చెప్పెదను. తుమ్మచెట్ల నడుమ, జొన్నచేల గట్లమీద తెల్లవారుజామున గొంతెత్తి కూయు బూడిదవన్నె పిట్ట కౌజు. కొందరు కముజు అందురు. మన చుట్టు కన్నడిగులు దానిని గౌజల హక్కి యందురు. కౌజు, గౌజల అను రెండును అక్కసెల్లెండ్రవంటి మాటలని వినగానే తెలియును. హోసూరు వైపు మనవారు తమిళుల నోట కౌదారి అని విందురు. షోలాపురమున తిత్తర్ అందురు. ఈ చివరి మాటకు మూలము సంస్కృతమున తిత్తిరి. యాజ్ఞవల్క్యుడు గురువుపై అలిగి వెడలగ్రక్కిన యజుర్వేదమును తక్కిన శిష్యులు తిత్తిరిపక్షులై గ్రహించిరని పురాణకథ. మనలో తైత్తిరీయ శాఖవారు సంధ్యావందనమున నిత్యము తలచునది ఈ కౌజుపిట్టనే యని చెప్పినచో వారు ముక్కుమీద వ్రేలు వేసికొందురు.

పాశ్చాత్యుల శాస్త్రనామములలో సైతము మన తీరము కలదు. కౌజునకు పెట్టిన లాటిను పేరు పొందిచేరియానస్, అనగా పుదుచ్చేరిది. వానకాలమున వచ్చు నల్లరొమ్ము పూరేడుకు పెట్టిన పేరు కోరమాండెలికా, అనగా మన కోరమండల తీరముది. మదరాసు సైన్యమున వైద్యుడుగా నుండిన జెర్డన్ దొర 1862 మొదలు 1864 వరకు అచ్చువేసిన భారతదేశ పక్షుల గ్రంథమున, ఒక్కొక్క పిట్టకు హిందూస్థానీ, తమిళ పేర్లతోపాటు తెలుగు పేరును గూడ విచారించి వ్రాసెను. మనవారు వ్రాయక విడిచినదానిని ఆయన వ్రాసెనన్నమాట. నేడు పట్టణమున హోటలు పలకలమీద ‘కౌజు వేపుడు’ అని కనబడునది కౌజు కాదు. అది ఫారములలో కోళ్లవలె పెంచు జపాను పూరేడు. వ్యాపారము పేరును ఎట్లు మార్చునో చూడుడు! చేనిలోని కౌజు వేరు, ఫారములోని కౌజు వేరు. ఈ రెంటిని కలిపివేసినందువలన వచ్చు చిక్కు ముందు చెప్పెదను.

ఇక వేట. ఇది పులివేట వంటిది కాదు. అడవి అక్కరలేదు. మెరక భూమి, బీడు, రేగడి, ఎఱ్ఱ గరుసు నేల, అక్కడక్కడ రేగుపొద, బలుసుపొద, నడుమ జొన్న, సజ్జ, కొఱ్ఱచేలు: ఇదే ఈ పిట్టల దేశము. ఇవి చెట్లమీద బ్రతుకునవి గావు. నేలమీదనే మేసి, నేలమీదనే గ్రుడ్లు పెట్టి, నేలమీదనే పరుగెత్తును. కౌజు ఎగురుటకన్న పరుగెత్తుటయే మేలని తలచును. మనుష్యుడు దగ్గరకు వచ్చిన, మొదట పొదనుండి పొదకు దౌడుతీయును. మరి తప్పదన్నప్పుడు మాత్రము రెక్కలు చప్పుడు చేయుచు లేచి, కొంచెము దూరము పోయి దిగి, మరల పరుగు. రాత్రి మాత్రము ముండ్లచెట్టెక్కి కొమ్మలమీద నిద్రించును.

దీనిని పట్టుటకు మనవారికి తుపాకి కంటె ముందే తెలిసిన ఉపాయము దీమము. ఈ మాట నేటి పిల్లలకు తెలియదు. పెంచిన పిట్టను పంజరములోనుంచి, దాని కూతచే అడవిపిట్టను పిలిపించుటకు దీమమని పేరు. పంజరములోని మగకౌజు తెల్లవారుజామున కూయగానే, ఆ చోటు నాది యనుకొను కౌజు పౌరుషముతో పోరుటకు వచ్చును. పంజరము చుట్టు గుఱ్ఱపు వెండ్రుకలతో పేనిన ఉచ్చులుండును. కాలు తగులుకొనును. పిట్టను చంపినది ఆకలి కాదు, పౌరుషము. మంచి దీమపు పిట్టకు మంచి ఎద్దునకున్నంత మర్యాద యుండెడిది. దానిని గుడ్డ కప్పిన పంజరమున చేతపట్టుకొని సంతకు తెచ్చి, చెదపురుగులు మేపుచు తిరుగువారిని మన ముసలివారు చాలమంది చూచిరి.

పూరేడు జాతులలో మరియొక విచిత్రము కలదు. పూరేడువలెనే కనబడు ఒక చిన్నపిట్టకు కాలివెనుక వ్రేలు లేదు. దీనిలో ఆడుపిట్టయే పెద్దది, ఆడుదే వన్నెగలది, ఆడుదే పోరాడును. గ్రుడ్లు పెట్టి మగనికి అప్పగించి వేరొక మగని వెదకికొని పోవును. పొదుగుటయు పిల్లలను పెంచుటయు మగని పని. (ఇది విని మా యింటివారు చాల సంతోషించిరి.) దక్షిణదేశమున దీనిని పట్టువారు ఆడుపిట్టనే దీమముగా వాడుచుండిరని జెర్డన్ దొర వ్రాసెను. ఆడుది ఆడుదానితో పోరవచ్చి పట్టుబడును.

లావుకపిట్టలది వేరు తీరు. ఇవి పది పండ్రెండు గుంపుగా నుండి, విశ్రమించునప్పుడు తోకలు లోపలికి, తలలు వెలుపలికి పెట్టి చక్రముగా కూర్చుండును. అందుచే నలుదిక్కుల నొక్కసారిగ కన్నులుండును. మనము తెలియక కాలుమోపగనే, బాంబు పేలినట్లు ఒక్కటొక్కటి ఒక్కొక్క దిక్కునకు ఎగురును. గుండె ఝల్లుమనును, తుపాకివాడు ఏ పిట్టను గురిపెట్టవలెనో తేల్చుకొనులోగా అన్నియు పోయియుండును. కొంతసేపటికి చిన్నగా ఈలవేసి ఒకదానినొకటి పిలిచికొని మరల కూడును. వలవాండ్రు మాత్రము తుపాకి వానివలె తొందరపడరు. చేనికి ఒక ప్రక్క సన్నని వల నిలిపి, ఎదుటి ప్రక్కనుండి నెమ్మదిగా, మాటలాడుకొనుచు, ఏ పనిమీదనో పోవువారివలె నడచుదురు. పిట్ట ఎగురక ముందుకు నడచును. నడచినది వలలో పడును.

పావురమువలె నుండి నేలనే తిరుగు మరియొక పిట్ట కలదు. జెర్డన్ గ్రంథమున దీని తెలుగుపేరు జాంపొలంక. పొడి గింజలు తిని బ్రతుకునది గనుక దీనికి నీరు లేనిదే జరుగదు. ప్రొద్దెక్కిన పిమ్మట ఏటేటను అదే వేళకు, అదే కుంటకు గుంపులుగా వచ్చును. ఈ వేళ తప్పని గుణమే దానికి శత్రువైనది. దొరలు కుంటగట్టున కూర్చుండి వచ్చినదానిని వచ్చినట్లు కాల్చుచుండిరి. దానిని వేట యనుటకు నాకు నోరు రాదు. నీళ్లకు వచ్చినదానిని కాల్చుటకు నేర్పేమి కావలెను?

ఈ వినోదము రాజులది గూడ. పశ్చిమ చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుని పేర 12 వ శతాబ్దిలో వెలసిన మానసోల్లాసమున డేగవేటయు, లావుకల పోరును రాజవినోదములుగ వర్ణింపబడినవి. విజయనగరము నేలిన సాళువవారి యింటిపేరునకు అర్థము డేగయే. ఇంతకన్న రాజులను గూర్చి చెప్పను. వారి కథలు చెప్పువారు చాలమంది కలరు.

ఇప్పుడు అన్నిటికన్న పెద్దపిట్టను గూర్చి చెప్పవలెను. బట్టమేక. ఈ సభలో దీనిని కన్నులార చూచినవారు చేతులెత్తుడని అడుగదలచితిని, కాని అడుగను. మన సిరుగుప్ప తాలూకా రేగడి బయళ్లలోను, కర్నూలు వైపు నందికొట్కూరు దగ్గరి రోళ్లపాటి బీళ్లలోను, షోలాపురము దగ్గర నన్నజ్ మెరకలలోను ఒకప్పుడు తిరిగిన పిట్ట ఇది. చూచితిరా, ఈ మూడు చోట్లను తెలుగువారున్నారు. నిలుచున్న ఒక మీటరు ఎత్తు; మగపిట్ట 15 కిలోల వరకు తూగును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైనవానిలో నిదియొకటి. కన్నడిగులు ఎరెభూతమందురు, అనగా నల్లరేగడి భూతము. ఎండమావులలో దూరమున నిలిచియున్నచో భూతమే యనిపించును. మరాఠీలో మాళఢోక్, మాళమనగా మెరక బయలు. ఇది సాధారణముగా ఏడాదికి ఒకేయొక గ్రుడ్డు నేలమీద పెట్టును. ఇంచుమించు నాలుగు వారములు పొదుగును. ఆ గ్రుడ్డును నక్కయో, కుక్కయో, కాకియో తినకయుండవలెను, పశువుల గిట్టలక్రింద నలుగకుండవలెను. వర్తకుని లెక్కలో చెప్పవలెనన్న, వడ్డీ మిక్కిలి తక్కువగా వచ్చు అసలు ఇది. అసలునే ఖర్చు పెట్టినవాడు మరల కూడబెట్టుట కల్ల.

దీనిని కాలినడకన సమీపించుట ఎవరితరమును గాదు. అరమైలు దూరమునుండియే తెలిసికొని నడచిపోవును. కాని ఎడ్లబండికి బెదరదు. దినమంతయు చూచుచుండు వస్తువు గదా! అందుచే వేటగాండ్రు బండివెంట, ఎద్దుచాటున పోయి కాల్చుచుండిరి. పార్ధీలు వేటకు మరపిన ఎద్దునో ఆవునో ముందు నడపించి దానిచాటున నడుచుట మహారాష్ట్రమున పేరుపొందిన విద్య. బండితో పోయినవానికి దినమునకొక పిట్ట దొరకుటయే గొప్ప. జీపు వచ్చిన తరువాత లెక్క మారినది. దున్నని బయలున జీపు ఎటైనను పోగలదు. రాత్రి దీపముతోను పోగలదు. 1947 తరువాతి పాతికేండ్లలో ఈ జీపులవారు చేసిన నష్టము నూరేండ్ల దీమములును, ఉచ్చులును చేయలేదని నా నమ్మకము.

1963 లో జాతీయపక్షిని ఎన్నుకొనునప్పుడు పక్షిశాస్త్రవేత్త సలీం ఆలీగారు బట్టమేకను తలచిరి. నెమలికి ఆ గౌరవము దక్కినది. 1972 లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చి బట్టమేకను మొదటి పట్టికలో చేర్చెను. చిన్నపిట్టలకు కొంతకాలము లైసెన్సుమీద వేట నడచినది. 1991 సవరణతో ఆ లైసెన్సులును పోయినవి. నేడు చేనిలోని కౌజునైనను, పూరేడునైనను పట్టుట నేరము. 1979 లో నన్నజ్ ప్రాంతమును, 1988 లో రోళ్లపాటిని అభయారణ్యములుగ ప్రకటించిరి. ఇంత చేసినను దేశమంతట బట్టమేకలు నేడు నూటయేబది మించవని నిపుణులమాట. అందులో పెక్కు రాజస్థానపు జైసల్మేరు వైపుననే. అక్కడ 2019 నుండి గ్రుడ్లు తెచ్చి పొదిగించి పెంచుచున్నారు. 2024 లో కృత్రిమ గర్భధారణచే నొక పిల్లయు పుట్టినది.

వేట ఆగిన పిమ్మటను పిట్ట యేల తగ్గినది? ఇక్కడనే వేటగానిమీద నేరమంతయు మోపుట చాలదని తెలియును. మన తుంగభద్ర కాలువలు వచ్చి, జొన్న పండిన రేగడిలో వరి పండినది. అది మనకు అన్నము పెట్టినది. దానిని తిట్టుటకు నేను రాలేదు. నా అంగడి సగము ఆ నీళ్లమీదనే నడచుచున్నది. కాని ఎండుచేల పిట్టకు వరిమడిలో చోటులేదు. మిగిలిన బీడు రెవిన్యూ లెక్కలలో ‘నిరుపయోగ భూమి’. ఎవనికి నిరుపయోగము? గొఱ్ఱెలవానికి కాదు, బట్టమేకకు కాదు. అయినను ఆ పేరు వ్రాసినందున చెట్లు నాటవచ్చును, గని త్రవ్వవచ్చును, సౌరపలకలు పరచవచ్చును. గాలిమరలు, విద్యుత్తీగలు వచ్చినవి. బట్టమేక కన్నులు తలకు ఇరుప్రక్కల నుండును. ఎదుటి సన్నని తీగ దానికి వేళకు కనబడదు, కనబడినను ఆ బరువుతో చప్పున తిరుగలేదు. ఈ తీగల తగవు సుప్రీముకోర్టువరకు పోయి 2021 లో ఉత్తరువు వచ్చినది, 2024 లో దానిని సవరించిరి.

చిన్నపిట్టలను చంపునది అంత దూరపుది గాదు. నేనును, నావంటి వర్తకులును అమ్ము సరకే. పురుగుమందు, కలుపుమందు. కౌజు పెద్దదైనపుడు గింజ తినును గాని, గ్రుడ్డునుండి వచ్చిన పిల్లకు చెద, మిడుత, పురుగు కావలెను. గట్టుమీద గడ్డిని మందుకొట్టి మాడ్చినచో గూడును లేదు, మేతయు లేదు. ఒక రైతు నన్నడిగెను: గట్టు శుభ్రముగ నుండవద్దా యని. గట్టు ఇంటివాకిలి కాదు. దానిమీద మూరెడు గడ్డి యున్నందువలన పంట యేమియు తగ్గదు.

ఇప్పుడు ఉగాది వేట సంగతి. పల్లెవారందఱు కుక్కలతో, కఱ్ఱలతో, వలలతో పోయి, దొరకినది పంచుకొని తినుట. దానిలో నాకు నచ్చునది ఒకటి కలదు: ఆనాడు కులభేదము లేక అందఱు ఒక్క మునుముగా బయలున నడచుట. ఏడాది కొకసారియైనను తమ ఊరి పొలిమేర నేల ఎట్లున్నదో కాళ్లతో తెలిసికొనుట. కాని ఆ వేటలో చంపుటయే ఆచారమనుట సరికాదు. అహోబిలమున నరసింహస్వామి కనుమనాడు పారువేటకు బయలుదేరి నలుబది దినములకు పైగా ఊరూర తిరుగును. తిరుమలలోను పారువేట జరుగును. ఏ జంతువు చచ్చుచున్నది? ఒక్కటియు లేదు. దేవుడు వేటకు పోయి ప్రజలను చూచి వచ్చుచున్నాడు. దేవునికి చాలినది మనకు చాలదా?

అందుచే యువజనులకు నా మాట ఇది. ఉగాది మరునాడు పోవుదము. చందా నేనిత్తును, బండియు నేనే పంపుదును. వలయు, కుక్కయు, తుపాకియు లేక పోవుదము. ఎన్ని కూతలు విన్నదియు, ఏ చేనిగట్టున విన్నదియు వ్రాసికొందము. త్రోవ చూపుటకు పిట్టలు పట్టు కుటుంబములవారిని పిలిచి, వారికి దినకూలి కంటె ఎక్కువ ఇచ్చుదము. కౌజు ఎక్కడ నున్నదో వారికి తెలిసినంత మనకెవ్వరికిని తెలియదు. 1871 నాటి చట్టముచే పార్ధీల వంటి వేటకులములను దొరలు పుట్టుకతోనే నేరస్థులుగ లెక్కించిరి. 1952 లో ఆ ముద్ర తీసివేసిరి గాని జనుల నోట ఇంకను పోలేదు. వారి విద్యను నేరముగ గాక విద్యగ వాడుకొను ఉపాయము ఇదొక్కటే నాకు తోచుచున్నది.

ఇక వర్తక మిత్రులకు ఒక మాట. ఇది వినుటకు రుచింపదు. మూడేండ్ల క్రిందట ఒక ఊర, ఊరిపేరు చెప్పను, ఒక యింటి విందునకు ‘అసలైన కౌజులు’ కావలెనని కబురుపోయినది. ఫారము పిట్టలు రుచిగా లేవట! పదునెనిమిదేండ్ల కుఱ్ఱవాడొకడు సంచిలో ఇరువది పిట్టలతో పట్టుబడెను. వానికి జైలు. విందు యథాప్రకారముగ కోడికూరతో జరిగినది. పిట్టలు కావలెనని అడిగినవాని పేరు ఎవ్వరును అడుగలేదు. ఆ కుఱ్ఱవాడును చెప్పలేదు, ఏలయన రేపు మరల ఆ యింటనే కూలి అడుగవలెను. మనము వర్తకులము. కొనువాడు లేనిదే అమ్ముపడి లేదని మనకు ఎవ్వరును నేర్పనక్కరలేదు. హోటలులో ‘కౌజు’ అని వ్రాసిన పలక యున్నందున, అడవిపిట్టను తెచ్చినను అది ఫారముదే యని తప్పించుకొన వీలగుచున్నది. పేరు చెడిన చిక్కు ఇదే యని ముందు చెప్పితిని. కనుక మన సభ్యుల హోటళ్లలోనైనను పలకలమీద ‘జపాను పూరేడు’ అని వ్రాయింపవలెనని కార్యవర్గమునందు తీర్మానము ప్రతిపాదించుచున్నాను. ఆ కుఱ్ఱవాని కోర్టు ఖర్చునకు మనలో నలుగురు చేసిన సహాయము వారి పేర్లతో చెప్పిన వారికి ఇష్టముండదు, చెప్పను.

మరియొక పని. పిట్టల పాతపేర్లు, వేటమాటలు, దీమము, ఉచ్చు, వల మొదలగువాని రకములు ముసలివారి నోట నున్నంతవరకే యుండును. సంఘ కార్యాలయమున బల్లమీద ఒక నోటుబుక్కు ఉంచితిమి. పేరు, ఏ ఊరివారు చెప్పిరి, కన్నడమునగాని తమిళమునగాని ఏమందురు అను మూడు గీతలు గీసియున్నవి. గంజాము, యానాము, షోలాపురము వైపు వియ్యములున్నవారు ఉత్తరములు వ్రాసి అక్కడి మాటలను తెప్పింపవలెను. చెప్పినవారి వయస్సును గూడ వ్రాయుడు.